పద్నాలుగో ఎపిసోడ్ దగ్గర ఆగిన ప్రేమకథ

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిగా ఫోన్‌లోనే, కలం పేరుతో ఒక ప్రేమకథ సీరియల్‌గా రాస్తున్నాను. అమెరికా నుంచి సెలవుకు వచ్చిన అబ్బాయికీ, ఊళ్లో టీచర్‌గా పనిచేసే అమ్మాయికీ మధ్య కథ. పదమూడో ఎపిసోడ్‌లో ఇద్దరూ ప్రేమ చెప్పుకున్నారు. పద్నాలుగోది మొదలుపెట్టి రెండు నెలలైంది, ఒక్క లైను కదలడం లేదు. నాకు ప్రేమ నవలలు రాస్తూ బతకాలని ఉంది. నాన్న బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. అమ్మకు ఈమధ్యే విషయం తెలిసి, 'ఇలాంటివి రాస్తుందంటే రేపు సంబంధాలు వస్తాయా' అని టెన్షన్ పడుతోంది. నేనెప్పుడూ ఎవరినీ ప్రేమించలేదు. అనుభవం లేకుండా రాయొచ్చా? ఇన్‌స్పిరేషన్ ఎక్కడ దొరుకుతుంది? ఎంఏ తెలుగు చేస్తే మేలా?

జవాబు: మీ ఉత్తరంలో పదమూడో ఎపిసోడ్ సంగతి రాయడం మంచిదైంది. మీకు ఇన్‌స్పిరేషన్ తగ్గిందని నేను అనుకోవడం లేదు. ఏడాదిపాటు ఎవరూ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా రాసిన మనిషికి రాయాలన్న కోరిక లేకుండా ఎలా ఉంటుంది? మీ కథే అయిపోయింది. పదమూడో ఎపిసోడ్‌లో వాళ్లిద్దరూ మనసులో మాట చెప్పేసుకున్నారు, ఇద్దరి మధ్యా ఇంకే అడ్డూ లేదు. ఇక పాఠకురాలు దేనికోసం ఎదురుచూడాలి? మీ చెయ్యి కదలకపోవడం మీ తప్పు కాదు. కథ అక్కడ ఆగిందని మీకంటే ముందు మీ చేతికి తెలిసింది.

ప్రేమ నవలకు ప్రాణం ఆ అడ్డులో ఉంటుంది. ఇద్దరు మంచివాళ్లు ఒకరినొకరు ఇష్టపడ్డారు, అయినా ఈ పూట ఒకటి కాలేకపోతున్నారు, ఎందుకు? ఈ 'ఎందుకు'కి మీ దగ్గర నిజమైన జవాబు ఉంటే రెండొందల పేజీలైనా నడుస్తాయి. విలన్ వచ్చి ఎత్తుకుపోవడం, ఉత్తరం తారుమారు కావడం, మూడో మనిషి చెప్పుడు మాటలు నమ్మడం లాంటివి రెండు ఎపిసోడ్లకు పనికొస్తాయి, అంతే. నిలబడే అడ్డు ఆ మనిషి లోపల ఉంటుంది. యద్దనపూడి సులోచనారాణి గారి నవలలను మూడు తరాల ఆడవాళ్లు చదివారు. కారూ మేడా ఉన్న నాయకుడి కోసమే చదివారని చాలామంది తేలిగ్గా అనేస్తారు. నాకు అలా అనిపించదు. ఆ నాయకుడి ముందు తల వంచని మధ్యతరగతి అమ్మాయి ఆత్మాభిమానం కోసం చదివారు. ఆ ఆత్మాభిమానమే వాళ్లిద్దరి మధ్య గోడ. అది పాఠకురాలి సొంత గోడ కూడా కాబట్టి వారం వారం పత్రిక కోసం కాచుక్కూర్చుంది. అచ్చయిన కాగితాలు చింపి, వరసగా పేర్చి, బైండింగ్ చేయించి బీరువాలో దాచుకున్న ఇళ్లు మన దగ్గర ఎన్నో. మీ అమ్మమ్మగారినో, నాన్నమ్మగారినో ఒకసారి అడిగి చూడండి.

మీకు అనుభవం లేదన్న దిగులు గురించి. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య మగవాడు. ఆయన రాసిన పదాల్లో, అంటే పాటల్లో, ఎక్కువగా మాట్లాడేది ఆడది. అలిగిన ఆడది, ఎదురుచూసే ఆడది, తెల్లవారుజామున వేరే చోటి నుంచి వచ్చిన మువ్వగోపాలుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసే ఆడది. అవన్నీ ఆయన అనుభవించి రాశాడా? చూసి, విని, ఆ స్థానంలో తనను నిలబెట్టుకుని రాసి ఉండాలి. (యద్దనపూడి గారు పుట్టిన కాజ, క్షేత్రయ్య మువ్వగోపాలుడి మొవ్వకు దగ్గరే. రెండూ కృష్ణా జిల్లావే. నాకు ఇది గుర్తొచ్చినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.)

మన అలంకారశాస్త్రం చెప్పిన ఎనిమిది రకాల నాయికలను డిగ్రీలో తెలుగు రెండో భాషగా తీసుకున్నవాళ్లు పరీక్ష కోసం బట్టీ పట్టి మర్చిపోతారు. మీరు మాత్రం వాటిని పనిముట్లుగా చూడండి. గొడవపడి అతన్ని పొమ్మని, పోయాక తల్లడిల్లేది కలహాంతరిత. ఇవాళ ఆమె చేతిలో ఫోన్ ఉంది. బ్లాక్ చేసింది, గంటకోసారి అన్‌బ్లాక్ చేసి చూస్తోంది. భర్త దూరదేశంలో ఉన్నది ప్రోషితభర్తృక. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లలో గల్ఫ్‌కి వెళ్లిన భర్తల కోసం ఏళ్ల తరబడి చూసే ఆడవాళ్లు ఎందరో. అదే మీ గోదావరి జిల్లాల్లో, ఇటు కడప వైపు తిరగబడిన కథ కూడా దొరుకుతుంది. ఇంటి పనికి కువైట్ వెళ్లింది భార్య, ఇక్కడ పిల్లలను పెంచుకుంటూ ఆమె ఫోన్ కోసం రాత్రి మెలకువగా కూర్చునేది భర్త. ఆ మగవాడికి శాస్త్రంలో పేరు పెట్టలేదు. అతని గురించి ఎవరైనా మంచి ప్రేమ నవల రాస్తే నేను మొదటి రోజే కొనుక్కుని చదువుతాను. ఇలాంటివి ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయో చూడండి.

కాబట్టి ఇన్‌స్పిరేషన్ కోసం వర్షం, కిటికీ, కాఫీ కప్పు వెతుక్కోవద్దు. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. అందులో ప్రేమ గురించి ఒక్క ముక్కా రాయకండి. ఎవరు ఎవరికి ఏ మాట చెప్పలేక ఆగిపోయారో అది రాయండి. బస్సులో, కాలేజీ క్యాంటీన్‌లో, పెళ్లి భోజనాల బంతిలో అలాంటివి రోజూ కనిపిస్తాయి. భర్తకు ఇష్టమని చేసిన కూర ఆయన ఫోన్ చూస్తూ తినేస్తే, 'ఉప్పు సరిపోయిందా' అని మాత్రమే అడిగిన మనిషి. చెల్లెలి పెళ్లి అయ్యేదాకా తన పెళ్లి మాట ఎత్తని అన్న. కులం వేరని తెలిసి, ఏమీ అనకుండా మెల్లగా మెసేజ్‌లు తగ్గించేసిన స్నేహితురాలు. రోజుకు రెండు చాలు. మూడు నెలల్లో నూట ఎనభై అవుతాయి, వాటిలో నాలుగైదు నవలల విత్తనాలుంటాయి. ఒక్క జాగ్రత్త, ఎవరి సంగతీ యథాతథంగా వాడొద్దు. ఊరు, వృత్తి, వయసు మార్చేయండి. చదివినవాళ్లు 'ఇది మా వదిన కథే' అని గుర్తుపట్టే పరిస్థితి రాకూడదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. వద్దన్నా వెంటపడే అబ్బాయిని హీరోగా రాయకండి. చెయ్యి పట్టుకుని లాగితే, గదిలో పెట్టి తలుపేస్తే అది ప్రేమ తీవ్రత అని ఇప్పటికీ చాలా సీరియళ్లలో వస్తోంది, వాటికి లైకులూ వస్తున్నాయి. మిమ్మల్ని చదివేవాళ్లలో పద్నాలుగేళ్ల పిల్లలూ ఉంటారు.

ఇక బతుకుతెరువు. ఇక్కడ మీకు అబద్ధం చెప్పను. తెలుగులో కేవలం నవలలు రాసి ఇల్లు గడపడం ఇవాళ చాలా కొద్దిమందికే సాధ్యం. లెక్క చూడండి. మీ పుస్తకం ధర 200 రూపాయలు, రాయల్టీ పది శాతం, వెయ్యి కాపీలూ అమ్ముడుపోయాయి అనుకుందాం. మీ చేతికి వచ్చేది 20,000. అది ఏడాది శ్రమ కావచ్చు. అచ్చు ఖర్చు మీరే పెట్టుకుంటే అది కూడా వెనక్కి రాకపోవచ్చు. వారపత్రికల సీరియల్ మీద పేరు తెచ్చుకున్న కాలం దాదాపు వెళ్లిపోయింది, పత్రికలే తగ్గిపోయాయి. వాటి స్థానంలోకి యాప్‌లు వచ్చాయి. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి లాంటి చోట్ల తెలుగు ప్రేమ సీరియళ్లకు పాఠకులున్నారు, చదివేవాళ్లు కట్టే డబ్బులో రచయితకు వాటా ఉంటుంది. కానీ అది నెల నెలా ఒకేలా రాదు, రాయడం ఆపిన నెలలో పడిపోతుంది. ఆడియో సిరీస్‌లకు స్క్రిప్టు, టీవీ సీరియళ్లకు మాటలు రాసే పనిలో డబ్బు కొంచెం నిలకడగా ఉంటుంది. అక్కడ ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తారు. అయితే కథ మీ ఇష్టం వచ్చినట్టు నడవదు, గడువు చాలా గట్టిగా ఉంటుంది. మీకు ఇంగ్లిష్ మీద పట్టు ఉంటే అటువైపు మార్కెట్ పెద్దది. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్ ఇప్పటికీ ప్రేమ నవలలు వేస్తోంది. వాళ్ల సిరీస్ నవలలు చాలావరకు 50,000 మాటల దగ్గర ఉంటాయి, చివర్లో జంట కలిసి తీరాలి. తెలుగులో ఆలోచించే మనిషి తెలుగులోనే ముందు చెయ్యి తిరగడం మంచిదని నా అభిప్రాయం.

అందుకే ఈ ఒక్క విషయంలో మీ నాన్నగారి పక్షాన మాట్లాడతాను. బీకాం పూర్తి చేయండి, బ్యాంకు పరీక్షలు రాయండి. యండమూరి వీరేంద్రనాథ్ గారు చార్టర్డ్ అకౌంటెంట్. లెక్కలు చూసే చేత్తోనే లక్షలమంది చదివిన నవలలు రాశారు. జీతం ఉన్న రచయిత్రికి ఒక గొప్ప సౌకర్యం ఉంది, నచ్చని కథ రాయనని చెప్పగలదు. పైగా బ్యాంకు కౌంటర్‌కు ఆ పక్క నిలబడే మనుషుల్ని చూడండి. బంగారం కుదువ పెట్టడానికి వచ్చిన భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడతారు కదా, ఆ ఐదు నిమిషాల్లో ఒక నవల ఉంది. ఉద్యోగంలో చేరాక బయటి రచనల గురించి ఆ సంస్థ నిబంధనలు ఏమంటున్నాయో మాత్రం చూసుకోండి.

ఎంఏ తెలుగు గురించి క్లుప్తంగా. లెక్చరర్ కావాలనుకుంటే, పాత సాహిత్యం లోతుగా చదవాలనుకుంటే చేయండి. నవల రాయడం కోసమే అయితే అవసరం లేదు. ఇంగ్లిష్‌లో రాసేందుకు ఇంటర్ అర్హతతో ఇగ్నోలో క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా ఉంది, ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదవొచ్చు. ఏ కోర్సూ మీ బదులు ఎపిసోడ్ రాయదు.

హక్కుల సంగతి మాత్రం కొత్త రచయితలు ఎక్కువగా నష్టపోయే చోటు, కాబట్టి రెండుసార్లు చదవండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే ఆ రచన మీది, రిజిస్టర్ చేయించకపోయినా మీదే. హక్కు మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగానే ఇవ్వాలి. ఎన్నాళ్లకో ఒప్పందంలో రాయకపోతే ఐదేళ్లు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం చెబుతోంది. కాబట్టి ఎవరైనా 'అన్ని హక్కులూ, అన్ని మాధ్యమాలకూ, శాశ్వతంగా' అని రాసిన కాగితం ముందు పెడితే ఆగండి. పుస్తకం హక్కు, ఆడియో హక్కు, సినిమా హక్కు, అనువాద హక్కు వేటికవే. ఒకటి ఇచ్చినంత మాత్రాన అన్నీ ఇవ్వాల్సిన పని లేదు. యాప్‌లో 'ఐ అగ్రీ' నొక్కడం కూడా ఒప్పుకోవడమే. కలం పేరుతో రాసినా ఒప్పందం మాత్రం మీ అసలు పేరుతో చేసుకోండి. మీ ఎపిసోడ్లన్నీ తేదీలతో సహా మెయిల్‌లో దాచుకోండి. ఫోన్ పోతే ఏడాది కష్టం పోకూడదు.

మీ అమ్మగారి భయాన్ని తీసిపారేయకండి. ఆవిడ మీ కథ చదవలేదు, 'ప్రేమకథ' అన్న మాట మాత్రమే విన్నారు. పదమూడు ఎపిసోడ్లలో మీకు బాగా నచ్చిన ఒకటి తీసుకుని, వంటింట్లో ఆవిడ పని చేసుకుంటుండగా చదివి వినిపించండి. అమ్మానాన్నలు వచ్చే ఎపిసోడ్ ఏదైనా ఉంటే అదే మొదలుపెట్టండి. 'ఈ తల్లి ఇలా అనదే' అని ఆవిడ ఒక్క తప్పు పట్టినా మీ పని సగం అయినట్టే. కలం పేరు ఎలాగూ ఉంది. మీరు చెప్పాలనుకున్న రోజు వరకు ఆ పేరు వెనక ఎవరున్నారో బంధువులకు తెలియాల్సిన పని లేదు.

ఇక ఆ టీచరమ్మాయి, అమెరికా అబ్బాయి. పద్నాలుగో ఎపిసోడ్‌ని పక్కన పెట్టి వెనక్కి వెళ్లండి. ఆ పదమూడు ఎపిసోడ్లలో ఆ అమ్మాయి ఎక్కడైనా ఒక మాట అనబోయి మింగేసిందా? ఉంటే మీ అడ్డు అక్కడే ఉంది. లేకపోతే ఒకటి పెట్టుకోవాలి, అది ఆమె జీవితంలోంచే రావాలి. తమ్ముడి చదువు కోసం ఆమె జీతం మీద తీసుకున్న అప్పు ఇంకో ఆరేళ్లు ఉందనుకోండి. ఆ సంగతి చెబితే అతను ఒక్క రోజులో కట్టేస్తాడని ఆమెకు తెలుసు. కట్టేశాక తాను అతని ఇంట్లో ఎలా నిలబడాలో తెలియదు. అందుకే చెప్పదు. అతనికేమో ఆమె ఏదో దాస్తోందని మాత్రమే తెలుసు, సెలవు ఇంకా పదకొండు రోజులే మిగిలింది. ఇలా పెట్టుకుంటే పదమూడో ఎపిసోడ్‌లో వాళ్లు ప్రేమ చెప్పుకోలేరు. దాన్ని తీసేయాల్సి వస్తుంది. బాధగానే ఉంటుంది, అయినా తీసేయండి.

తర్వాత రోజుకు మూడు వందల మాటలు, కాలేజీకి వెళ్లేముందు. ఆ లెక్కన 50,000 మాటలకు ఆరు నెలలు కూడా పట్టదు. తెలుగులో మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి అంత కథకు అన్ని మాటలు అవసరం పడవు కూడా. కోచింగ్‌లో చేరండి, చేరినా ఆ మూడు వందలు ఆపకండి. కథ మొత్తం పూర్తయ్యేదాకా కొత్త సీరియల్ మొదలుపెట్టొద్దు. పూర్తయ్యాక దాని పేరేమిటో, చివరికి ఆ అప్పు సంగతి ఎవరు ముందు ఎత్తారో నాకు రాయండి.