లెక్క పెట్టే పని, లెక్క అక్కర్లేని పని

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. అందులో మడిచి పెట్టిన రెండు మూరల దారం ముక్క కూడా చూశాను. ఒకచోట వెంట్రుకంత సన్నం, ఇంకోచోట చిటికెన వేలంత లావు. నవ్వలేదులే. నేను మొదట వడికిన దారం దీనికన్నా అన్యాయంగా ఉండేది. అది కదురుకి చుట్టుకోక ముందే మూడు ముక్కలైంది.

ముందు నువ్వు వేసుకున్న ప్లాన్ సంగతి మాట్లాడుకుందాం. చలికాలం అయ్యేలోపు ఇంట్లో ఐదుగురికీ ఐదు స్వెట్టర్లు, అవీ నువ్వు వడికిన ఉన్నితోనే అల్లేస్తానని రాశావు. ఒక్కసారి లెక్క చూడు. ఓ మాదిరి లావు దారంతో పెద్దవాళ్ళ స్వెట్టర్ ఒకటి అల్లాలంటే సుమారు 1200 మీటర్లు కావాలి. నువ్వు వాడేది రెండు పేటల దారం. అంటే ముందు 2400 మీటర్ల ఒంటిపోగు వడకాలి, తర్వాత ఆ రెండు పోగుల్నీ కలిపి మళ్ళీ 1200 మీటర్లు పేనాలి. పిల్లల స్వెట్టర్లకి అందులో సగం చాలనుకున్నా, ఐదుగురికీ కలిపి దగ్గర దగ్గర పది కిలోమీటర్ల పోగు నీ వేళ్ళ మధ్య నుంచి జారాలి. అల్లడం అప్పటికింకా మొదలే కాదు! ఇదంతా నెల రోజుల క్రితం కదురు పట్టిన చేతులతో.

అందుకని ఈ చలికాలానికి నీ చేత్తో వడికిన దారంతో రెండు టోపీలు చాలు. టోపీకి 50 నుంచి 100 గ్రాములు సరిపోతుంది, దారం ఎగుడుదిగుడుగా ఉన్నా టోపీలో అందంగానే కనిపిస్తుంది. స్వెట్టర్ అల్లి తీరాలనుంటే కొన్న దారంతో ఒక్కటి మొదలుపెట్టు. ఎవరికి అంటావా? ఇంట్లో ఎవరు వేసుకుంటారో వాళ్ళకి. ఎవరి మీద ప్రేమ ఎక్కువో వాళ్ళకి కాదు. ఈ రెండింటికీ తేడా తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న. చలికి తలుపులు కిటికీలు మూసేసి అందరూ ఒకే గదిలో ఉంటున్నారు, ప్రశాంతంగా ఒక్క గంట కూడా దొరకట్లేదు, ఎలా అత్తా అన్నావు. దొరకదే. నేను కూడా చాలాకాలం ఆ గంట కోసమే ఎదురు చూశాను. చూసి చూసి, చేతిలో ఎప్పుడూ రెండు రకాల పనులు ఉంచుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒకటి లెక్క పెట్టే పని, రెండోది లెక్క అక్కర్లేని పని. లేసు, జడ డిజైన్లు, మేజోడు మడమ తిప్పడం, చంక దగ్గర కుట్లు తగ్గించడం లెక్క పెట్టే పనులు. రెండు వైపులా ఒకే సాదా కుట్టుతో (నిట్) సాగే మఫ్లర్, గుండ్రటి సూది మీద సాదాగా సాగే స్వెట్టర్ ఒళ్ళు భాగం, కదురు తిప్పడం లెక్క లేని పనులు. పిల్లలు కొట్టుకుంటున్నా, మీ ఆయన ఆఫీసు కబుర్లు చెబుతున్నా ఈ రెండో రకం సాగిపోతుంది. మొదటి రకాన్ని ఇంట్లో ఎవరూ లేవకముందు అరగంట, లేదా అందరూ పడుకున్నాక ఓ అరగంట చెయ్యి. సాయంత్రం సందడిలో లేసు పట్టుకుని కూర్చుంటే పిల్లల మీద కేకలు వేస్తావు. లేసూ విప్పుకోవాలి, పిల్లల ఏడుపూ తీర్చాలి.

నల్ల దారం, ముదురు నీలం దారం పగటి వెలుగులోనే ముట్టుకో. చలికాలం తొందరగా చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రానికి లేత రంగు పని విడిగా ఉండాలి.

వరస మధ్యలో ఎవరైనా పిలిస్తే, ఆ వరస అయ్యేదాకా చూపుడు వేలు పైకెత్తి చూపిస్తాను. మా ఇంట్లో అందరికీ దాని అర్థం తెలుసు. మధ్యలో ఆపి లేచి వెళ్ళావంటే, తిరిగొచ్చి ఎటువైపు అల్లుతున్నావో మర్చిపోతావు. ఒకవేళ ఆపాల్సే వస్తే, పని దారం వేలాడుతున్న సూది కుడిచేతిలో ఉండేలా పట్టుకుని మొదలుపెట్టు, దారి తప్పవు. కుట్లు ఎక్కువగా ఉంటే ప్రతి 20 కుట్లకీ ఒక గుర్తు వేసుకో, ఏదైనా రంగుదారం ముడి చాలు. లేసు అల్లేటప్పుడు పదేసి వరసలకోసారి వేరే రంగు సన్నదారం కుట్లన్నిటి గుండా దూర్చి వదిలెయ్యి. తప్పు పోతే అక్కడిదాకానే విప్పుతావు.

ఇప్పుడు కదురు. నువ్వు వాడుతున్నది బరువెక్కువేమో చూడు. నేర్చుకునేటప్పుడు 30 నుంచి 40 గ్రాముల కదురు బాగుంటుంది. పోగు పదే పదే తెగి కదురు కింద పడుతోందని ఏడవకు, అందరిదీ పడుతుంది. కొన్నాళ్ళు ఇలా చెయ్యి: కదురు తిప్పి, పురి ఎక్కగానే దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి ఆపు. అప్పుడు తీరిగ్గా రెండు చేతులతో ఉన్ని సాగదీస్తూ ఆ పురిని మెల్లగా పైకి వదులు. తిప్పడం వేరు, సాగదీయడం వేరు అయ్యేసరికి చేతులు కంగారు పడవు. రెండూ ఒకేసారి చెయ్యడం దానంతటదే వచ్చేస్తుంది.

నీ దారం ఎగుడుదిగుడుగా రావడానికి కారణం చెప్తా విను. పురి ఎప్పుడూ సన్నటి చోటికే పరిగెత్తుతుంది. సన్నగా ఉన్నచోట పురి మీద పురి ఎక్కి బిగుసుకుపోతుంది, లావు చోటుకి పురి అందక మెత్తగా ఉండిపోతుంది. లావు ముద్ద కనిపించగానే దానికి అటూ ఇటూ పట్టుకుని, పురిని కాస్త వెనక్కి తిప్పి వదులు చేసి, నెమ్మదిగా లాగు. సర్దుకుంటుంది. తెగేదాకా లాగకూడదన్న మాట వడికేవాళ్ళ నోటి నుంచే వచ్చిందని నా నమ్మకం. ఇంకొకటి, రెండు చేతుల మధ్య దూరం ఉన్ని పోచ పొడవుకన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. దగ్గరగా పట్టుకుంటే ఒకే పోచ రెండు కొసలూ నీ చేతుల్లోనే ఉంటాయి, ఎంత లాగినా కదలదు. దువ్విన ఉన్ని ఏకులోంచి ఒక్క పోచ తీసి పొడవు చూసుకో, తెలిసిపోతుంది.

ఉన్ని గాల్లోకి లేస్తోంది, చేతులకి అంటుకుంటోంది అని రాశావు. అది నీ తప్పు కాదు, చలికాలపు పొడి గాలి తప్పు. వడకబోయే కాసేపటి ముందు ఉన్ని మీద నీళ్ళు సన్నగా చిలకరించి, గుడ్డ కప్పి ఉంచు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా తడి తగలనివ్వదు, భయం లేదు. పగిలిన చేతులకి క్రీమ్ రాసుకుని, బాగా తుడుచుకుని కూర్చో. లేకపోతే ప్రతి పోచా చర్మానికి చిక్కుకుంటుంది.

కడగని పచ్చి ఉన్ని కొన్నావా? అలా అయితే వేసవి దాకా ముట్టుకోకు. చలిలో ఎండదు, ఇల్లంతా గొర్రె వాసన. నేనోసారి తొందరపడి నడి చలికాలంలో ఉన్నిని వేణ్ణీళ్ళలో నానబెట్టి, తర్వాత చల్లటి కుళాయి కింద పెట్టి బట్టలు పిండినట్టు పిండాను. గంటలో అది ఉన్ని కాదు, గట్టి బొంత. పోచల మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, సబ్బు, రాపిడి తోడైతే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవు. వేసవిలో కడిగేటప్పుడు 60 డిగ్రీల వేడి నీళ్ళలో సబ్బు వేసి, ఉన్నిని ముంచి, కలపకుండా వదిలెయ్యి. నీళ్ళు చల్లారకముందే తియ్యి. జాడించే నీళ్ళూ అంతే వేడిగా ఉండాలి. ఆ బొంతని నేను పారెయ్యలేదు. కుర్చీ మీద వేసుకుని కూర్చుంటున్నాను.

వడికిన పోగుల్ని కుడివైపు తిప్పి ఉంటే, పేనేటప్పుడు కదురుని ఎడమవైపు తిప్పు. అలా అయితేనే ఒకదాని పురి ఒకటి ఆపుకుని దారం నిలకడగా ఉంటుంది. దారాన్ని చిలపగా, అంటే పెద్ద వలయంలా, చుట్టాక వేలికి తగిలించి వేలాడదియ్యి. మెలి తిరగకుండా నిలబడితే సరిగ్గా పేనినట్టు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, తువ్వాల్లో చుట్టి ఒత్తి, ఆరేసుకో. చిలప నుంచి ఉండ చుట్టేటప్పుడు పట్టుకోవడానికి రెండు చేతులు కావాలి కదా, ఇంట్లో వాళ్ళని పని మధ్యలోకి లాగడానికి అదే మంచి సమయం. మీ మామయ్య చేతులు చాచి కూర్చునేవారు. పావుగంటలో నిద్రపోయేవారు, చేతులు మాత్రం అలాగే చాచి ఉండేవి.

ఆయన స్వెట్టర్ కథ కూడా చెప్పాలి. నమూనా ముక్క అల్లి కొలిస్తే 10 సెంటీమీటర్లకి 22 కుట్లు వచ్చాయి. ఆ లెక్కన ఛాతీకి 220 కుట్లు వేస్తే 100 సెంటీమీటర్లు. నమూనాని ఉతకడం నేను బద్ధకించాను. మొదటిసారి ఉతకగానే ఆ ఉన్ని సాగి, 10 సెంటీమీటర్లకి 20 కుట్లే మిగిలాయి. ఛాతీ 110 అయింది, చేతులు వేళ్ళ కొసల దాకా జారాయి. ఆయన నోరెత్తకుండా చేతులు రెండు మడతలు పెట్టుకుని వేసుకున్నారు. నువ్వు మాత్రం నమూనా ముక్క కొంచెం పెద్దగా అల్లి, ఉతికి, ఆరాక, అంచులు వదిలేసి నడుమ 10 సెంటీమీటర్లలో లెక్కపెట్టు. ఒంటి కొలతకన్నా వాళ్ళకి ఇష్టమైన పాత స్వెట్టర్ని పరిచి కొలవడం ఇంకా నయం.

పెద్దవాడికి మెడ దగ్గర గుచ్చుకుంటోందన్నావు. వాడిది పెంకితనం కాదు. పోచ 30 మైక్రాన్ల కన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) లావుంటే చాలామందికి గుచ్చుకుంటుంది. మెరినో జాతి గొర్రె పోచ సుమారు 20 మైక్రాన్లే, అందుకే మెత్తన. దారం కొనే ముందు దాన్ని గడ్డం కింద కాసేపు పెట్టుకుని చూడమను. వాడిది మెడ నుంచి కిందికి అల్లు. పొడుగు పెరిగినా చేతుల అంచులు విప్పి ఇంకో ఆరు సెంటీమీటర్లు కలపొచ్చు.

వాడు నేర్చుకుంటానంటే 6 లేదా 8 మిల్లీమీటర్ల సూదులు, లావు లేత రంగు దారం, 15 కుట్లు ఇవ్వు. రాత్రి వాడు పడుకున్నాక వాడి తప్పులు సరిదిద్దకు, పొద్దున్నే కనిపెట్టేస్తాడు. చిన్నదానికి సూదులొద్దు, వేళ్ళ మీద గొలుసు అల్లడం నేర్పు. మీ అత్తగారికి చిన్న కుట్లు ఆనకపోతే లావు దారంతో సాదా పని అడిగి చూడు. పాత స్వెట్టర్లు విప్పి ఉండలు చుట్టడంలో ఆవిడకి నీకన్నా ఓపిక ఎక్కువ ఉంటుంది.

అరగంటకోసారి లేచి మణికట్లు తిప్పు. బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే ఆరోజుకి ఆపెయ్యి. ఇంకో నాలుగు వరసలే కదా అని ఓ చలికాలం మొండికేస్తే, నేను రెండు నెలలు సూదులు పట్టుకోలేకపోయాను.

మిగిలిన ఉన్నిని గట్టి సంచీలో కట్టి దాచు. దాన్ని కొరికేది ఎగిరే చిమ్మటలు కాదు, వాటి పురుగులు. అనుమానం వస్తే సంచీతో సహా వారం రోజులు ఫ్రీజర్లో పెట్టు.

నా తేలిక కదురూ, దువ్విన మెత్తటి ఉన్ని 200 గ్రాములూ పంపుతున్నాను. టోపీకి సరిపోతాయి.

నీ మేనత్త

తా.క. ఉండతో పిల్లి ఆడుకుంటుంటే పిల్లలు చప్పట్లు కొడుతున్నారని రాశావు. ఆ ఆట మానిపించు. ఎప్పుడైనా అది దారం మింగి, కొస నోట్లోంచో వెనక నుంచో బయటికి కనిపిస్తే లాగొద్దు, లోపల పేగులు కోసుకుపోతాయి. అలాగే ఎత్తుకుని వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు.