ఫ్రంట్‌పేజ్‌లో చేసిన పాత సైట్‌ని కొత్త హోస్టింగ్ వాళ్ళు ఎందుకు సపోర్ట్ చేయరు?

పేజీలు బాగానే తెరుచుకుంటున్నాయి, కాంటాక్ట్ ఫారం, హిట్ కౌంటర్ (ఎంతమంది చూశారో లెక్కపెట్టేది) మాత్రం పనిచేయడం లేదు, హోస్ట్‌ని అడిగితే మా వల్ల కాదంటున్నారు అని కదా మీ ప్రశ్న. వాళ్ళని తప్పుపట్టలేం.

ఫ్రంట్‌పేజ్ అంటే వెబ్‌పేజీలు తయారుచేసే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాం. అది మీ కంప్యూటర్‌లో ఉండే సాఫ్ట్‌వేరే అయినా, ఫారం, కౌంటర్, సెర్చ్ లాంటివి నడవాలంటే అవతల సర్వర్‌లో, అంటే సైట్‌ని నడిపే హోస్ట్ కంప్యూటర్‌లో కూడా మైక్రోసాఫ్ట్ వాళ్ళ సర్వర్ ఎక్స్‌టెన్షన్లు అనే అదనపు ప్రోగ్రాంలు ఉండాలి. అప్పట్లో హోస్టింగ్ కంపెనీలు వాటిని పెట్టి, ప్లాన్‌లోనే గొప్పగా చెప్పుకునేవి. 2003 తర్వాత ఫ్రంట్‌పేజ్‌కి కొత్త వెర్షన్ రాలేదు, 2006లో ఆపేశారు. సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని పాత ప్రోగ్రాంని, వందలమంది కస్టమర్లు ఉన్న సర్వర్‌లో ఏ హోస్ట్ పెట్టుకుంటాడు చెప్పండి?

మీ ఫోల్డర్లలో అండర్‌స్కోర్ తర్వాత వీటీఐ అని (_vti) మొదలయ్యేవి కనిపిస్తాయి చూడండి, అవి ఈ ఎక్స్‌టెన్షన్లవే. వీటీఐ అంటే వెర్మీర్ టెక్నాలజీస్ ఇన్‌కార్పొరేటెడ్, ఫ్రంట్‌పేజ్‌ని తయారుచేసిన అసలు కంపెనీ, 1996లో మైక్రోసాఫ్ట్ కొనేసింది.

టెన్షన్ పడకండి, మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు, ఫోటోలు ఎఫ్‌టీపీతో (ఫైళ్ళని సర్వర్‌కి పంపే పద్ధతి) ఎక్కిస్తే ఏ హోస్ట్ దగ్గరైనా నడుస్తాయి. ఫారం ఒక్కటీ చిన్న పీహెచ్‌పీ స్క్రిప్ట్‌తో (సర్వర్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం) మళ్ళీ రాయించుకోండి, కౌంటర్ తీసేయండి. ఇంకోసారి సైట్ కట్టేటప్పుడు మాత్రం, ఆ టూల్ లేకుండా కూడా ఈ ఫైళ్ళు పనిచేస్తాయా అని ముందే అడగండి, ఎందుకంటే హోస్ట్ బాధ్యత సర్వర్ వరకే, మీరు ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌కి కాదు.