చలికాలంలో తెల్లవారుజామున పరుగెత్తితే కండరాలు పట్టేస్తాయా?

ప్రశ్న అడిగినాయన కాలేజీ అథ్లెటిక్స్ టీమ్‌లో కొత్తగా చేరారట. ఆటలు నేర్పే పీడీ సార్ ఐదున్నరకల్లా గ్రౌండ్‌లో ఉండమంటున్నారట, ఇంట్లోవాళ్లేమో ఈ చలిలో వద్దంటున్నారట. పరుగెత్తితే ఏమీ కాదండీ. మధ్యలో కూర్చుంటేనే అవుతుంది. నేను కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

మాది ఆదిలాబాద్. డిసెంబరు, జనవరిల్లో 6, 7 డిగ్రీలంటే మాకు వార్తే కాదు. డిగ్రీ మూడేళ్లూ 400 మీటర్లు పరుగెత్తాను. మట్టి ట్రాక్. పరుగు మొదలెట్టేటప్పుడు పాదాలు ఆనించే స్టార్టింగ్ బ్లాకులు ఇనుపవి, మేకులు కొట్టి నేలలోకి దించాలి. పొద్దున్నే ఆ ఇనుము పట్టుకుంటే వేళ్లు మొద్దుబారి స్పైక్స్ (మేకుల బూట్లు) లేసు కూడా ముడిపడేది కాదు.

సెకండియర్ జనవరి. యూనివర్సిటీ సెలక్షన్స్ ఇంకో పది రోజులు. ఆ రోజు 300 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో ఎనిమిది నిమిషాల రెస్ట్. పొగమంచుకి అవతలి గోల్‌పోస్ట్ కనబడటం లేదు. రెస్ట్‌లో నడుస్తూనే ఉండాలని సార్ రోజూ చెప్పేవారు. కానీ గేటు దగ్గర వాచ్‌మన్ తాత పత్తికట్టెతో మంట వేసుకున్నాడు. పత్తికట్టె మంట చూశారో లేదో, చిటపటమని ఒక్కసారిగా లేస్తుంది, కాసేపట్లో బూడిద. అందుకే దాని దగ్గర కూర్చున్నవాడు ఇంకో పుల్ల, ఇంకో పుల్ల అంటూ లేవడు. రెండో 300 అయ్యాక నేనూ వెళ్లి కూలబడ్డాను. మొహం, మోకాళ్లు కాలిపోతున్నాయి. తొడల వెనక భాగం మాత్రం మంచుకి తడిసిన నేల మీద. 400 మీటర్లవాడు బతికేదే ఆ వెనక కండరం మీద!

విజిల్ పడింది. స్వెటర్ అక్కడే విసిరేసి వెళ్లాను. వంపు తిరిగి ఫినిష్ వైపు వస్తుండగా ఎడమ తొడ వెనక ఎవరో రాయితో కొట్టినట్టయింది. ఎవడు కొట్టాడా అని నిజంగానే వెనక్కి చూశాను. ఎవరూ లేరు. తర్వాతి అడుగు పడలేదు.

మావాళ్లు నన్ను మోసుకొచ్చి మళ్లీ ఆ మంట దగ్గరే పడుకోబెట్టి, బామ్ పూసి కసితీరా రుద్దారు. అదింకో తప్పు. చిరిగిన కండరాన్ని మొదటి రెండు మూడు రోజులు రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. చల్లటిది పెట్టి, గుడ్డ చుట్టి, కాలు ఎత్తి ఉంచాలి. ఆరు వారాలు పోయాయి, వాటితోపాటు సెలక్షన్సూ పోయాయి.

చలి, చలి అంటారు గానీ మా టీమ్‌కి ట్రాక్‌సూట్లు ఎప్పుడిచ్చారో తెలుసా? మార్చి ఆఖర్లో. ఫొటో కోసం వేసుకుని చెమటలు కక్కాం. ఇక గ్రౌండ్‌ని నెలకోసారి ఏదో ఒక సభకో, ఎగ్జిబిషన్‌కో ఇచ్చేవారు. వాళ్లు వెళ్లాక మొదటి లేన్ నిండా షామియానా గుంతలు, మేకులు. మా టీమ్‌లో చలికి దెబ్బతిన్నవాళ్లకన్నా ఆ గుంతల్లో కాలు బెణికినవాళ్లే ఎక్కువ, కావాలంటే పేరుపేరునా లెక్కపెడతాను. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్లలో కాంస్యం తెస్తే స్టేటస్ పెట్టనివాడు లేడు. వాళ్లలో ఒక్కడైనా తన ఊరి గ్రౌండ్‌లో ఒక గుంత పూడ్చాడా?

సరే, మీ ఐదున్నర సంగతి. మామూలు రోజుల్లో వార్మప్‌కి రెండు రౌండ్లు కొడితే చలిలో నాలుగు కొట్టండి. మెడ మీద చెమట పట్టేదాకా స్వెటర్ తీయొద్దు, రెస్ట్‌లో మళ్లీ తొడుక్కోండి. అయిపోగానే తడి బనియన్ మార్చేయండి, కాటన్‌ది చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుని వణికిస్తుంది. దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. ఆస్తమా ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి, చల్లటి పొడిగాలికి ఆయాసం ముదురుతుంది. ఆరున్నరకి మార్చమని సార్‌ని ఒకసారి అడిగి చూడండి. మేమూ అడిగాం. "నువ్వు ఉరుకు, చలి అదే ఉరుకుతది" అన్నారు.

వాచ్‌మన్ తాత ఇంకా అక్కడే ఉన్నాడు. మొన్న సంక్రాంతికి వెళ్తే దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టాడు. "మంట కాడికి రాకు బిడ్డా, రెండో కాలు గూడ పోతది."