పైన్ కాల్చాలా, ఓక్ కాల్చాలా? ముందు కట్టెలో తడి ఎంతుందో చూడండి

మీరు అడిగింది ఇదీ: అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో ఇల్లు కొన్నారు, హాల్లో కట్టెల స్టవ్ ఉంది. వచ్చే చలికాలం ఇల్లు వేడి చేసే ఆయిల్ బిల్లు తగ్గించుకోవాలని ఆలోచన. ఓక్ కట్టెలు చూస్తే ఖరీదు. మార్చిలో కొట్టించిన వైట్ పైన్ చెట్లేమో పెరట్లో ఊరికే పడి ఉన్నాయి. పైన్ కాలిస్తే చిమ్నీ అంటుకుంటుందని పక్కింటాయన భయపెట్టాడు. అది నిజమేనా?

నేనూ దక్షిణ న్యూహాంప్‌షైర్‌లోనే ఉంటాను, ఏడు చలికాలాలుగా కట్టెలు కాలుస్తున్నాను. నిక్షేపంగా పైన్ కాల్చుకోండి, కాకపోతే బాగా ఆరాలి. మా చిమ్నీని ప్రమాదం అంచుదాకా తీసుకెళ్ళింది పైన్ కాదు, డబ్బు పోసి కొన్న ఓక్.

మొదటి ఏడాది నాకూ ఓక్ లాంటి హార్డ్‌వుడ్ అంటే గుడ్డి నమ్మకం. సెప్టెంబరులో రెండు కార్డుల ఓక్ తెప్పించాను (కార్డ్ అంటే ఇక్కడ కట్టెలు అమ్మే కొలత, దాని లెక్క కింద చెబుతాను). అమ్మినాయన 'సీజన్డ్', అంటే ఆరబెట్టినది అన్నాడు. ఎప్పుడు చీల్చి, ఎన్నాళ్ళు ఆరబెట్టారని అడగాలని నాకు తోచలేదు. చెట్టు కొట్టి ఏడాది దాటినా దుంగలుగానే పడి ఉంటే లోపలి నీరు ఎక్కడికీ పోదు. నిన్న చీల్చి ఇవాళ ట్రక్కుకెత్తినదాన్ని కూడా సీజన్డ్ అనే అమ్ముతారు.

అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. బాపట్ల దగ్గర పల్లెలో సర్వి కట్టెల పొయ్యి మీద ముప్పయ్యేళ్ళు వండిన మనిషి. గరాజ్ పక్కన పేర్చిన కుప్పలోంచి రెండు పేళ్ళు తీసి ఒకదాన్ని ఇంకోదానితో కొట్టి చూసి, "ఏరా, ఇది పచ్చి కట్టె కదరా, ఎట్టా రాజుకుంటుంది?" అంది. ఇది ఓక్ అమ్మా, మన తుమ్మలాగా చేవ ఉన్న కట్టె అని ఏదో సర్దిచెప్పాను. ఆరిన కట్టెలు ఒకదానికొకటి తగిలితే ఖంగుమంటాయి, పచ్చివైతే దబ్బుమంటాయి. ఆమెకు అది చెవికే తెలిసిపోయింది. నాకు తెలియడానికి జనవరి దాకా పట్టింది.

నవంబరులో మొదలుపెట్టాం. పేడు కొసల్లోంచి నురగ, సన్నగా బుస కొడుతున్న చప్పుడు. స్టవ్ అద్దం సాయంత్రానికల్లా నల్లబడేది. రోజంతా కట్టెలు వేస్తూనే ఉన్నా హాల్లో 62 ఫారెన్‌హీట్ (సుమారు 17 సెల్సియస్) దాటేది కాదు. అమ్మ స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, ఇంతకన్నా మా వంటింటి పొయ్యే నయం అనేది. జనవరిలో చిమ్నీ శుభ్రం చేసే అతన్ని పిలిస్తే, పైకెక్కి చూసి ఫోన్లో ఫొటో చూపించాడు. గొట్టం లోపల తారు పూసి ఆరబెట్టినట్టు నిగనిగలాడుతోంది. క్రియోసోట్. ఒక్క పెద్ద మంట పడితే అంటుకునేదన్నాడు. తర్వాత ఒక పేడును చీల్చి, లోపలి ముఖం మీద తడి కొలిచే మాయిశ్చర్ మీటర్ గుచ్చాడు. 34 శాతం. ఉండాల్సింది 20 లోపు.

మీ పక్కింటాయన భయానికి కూడా మూలం ఇక్కడే ఉందని నా అనుమానం. క్రియోసోట్ పైన్ జిగురు కారి పేరుకునేది కాదు. పూర్తిగా కాలని పొగ చల్లటి గొట్టానికి తగిలి గడ్డకడితే వచ్చేది. కట్టె పచ్చిదైనా, స్టవ్‌లోకి గాలి వెళ్ళే దారి మరీ బిగించి మంటను కునుకు తీయించినా వస్తుంది, ఏ చెట్టుదైనా సరే. చలికాలమంతా పచ్చి ఓక్ కాల్చి గొట్టానికి తారు పట్టించి, ఒక రాత్రి ఎండిన పైన్ నిండుగా వేస్తే అది భగ్గున మండి ఆ తారుకు నిప్పంటిస్తుంది. నింద మాత్రం పైన్ మీద పడుతుంది. కొలరాడోలో, ఐడహోలో జనం తరతరాలుగా పైన్, డగ్లస్ ఫర్ కాల్చే చలి గడుపుతున్నారు. అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ వాళ్ళకు స్ప్రూస్, బిర్చ్ తప్ప పెద్దగా వేరే దిక్కు లేదు.

ఇక వేడి లెక్క. బరువుకు బరువు చూస్తే ఆరిన కట్టె ఏదైనా దాదాపు ఒకే వేడి ఇస్తుంది, జిగురు వల్ల పైన్‌కే ఒక పిసరు ఎక్కువ. కానీ మనం కట్టెల్ని తూచి కొనం, కార్డ్ లెక్కన కొంటాం. కార్డ్ అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున పేర్చిన కుప్ప, 128 ఘనపుటడుగులు. అందులో ఆరిన రెడ్ ఓక్ ఉంటే సుమారు 24 మిలియన్ బీటీయూలు (బీటీయూ అంటే ఇక్కడ వేడిని కొలిచే ప్రమాణం), వైట్ పైన్ అయితే 15 వరకు. ఓక్ కార్డ్ 400 డాలర్లు అనుకుంటే, పైన్ 250 లోపు దొరికితేనే గిట్టుబాటు. మీకు ఊరికే వచ్చింది కాబట్టి ఆ లెక్క కూడా అక్కర్లేదు. ఆ ఓక్ పచ్చిదైతే మాత్రం ఈ అంకెలన్నీ గాలికే. ఓక్ కార్డ్ ఒకటి పచ్చిగా ఉన్నప్పుడు ఎంత బరువో, ఆరాక ఎంత బరువో చూస్తే 500 కిలోల పైనే తేడా ఉంటుంది. అదంతా నీరు. ఆరుబయట గాలికి ఊరికే పోవాల్సిన ఆ నీటిని నేను డబ్బిచ్చి కొని, స్టవ్‌లో వేసి ఆవిరి చేశాను. పైగా పొగ కూడా ఇంధనమే. లోపల సుమారు 600 డిగ్రీల సెల్సియస్ ఉంటేనే అది అంటుకుని వేడిగా మారుతుంది. పచ్చి కట్టెతో స్టవ్ అంత వేడెక్కదు.

ఓక్‌ను తీసిపారేయమని కాదు నా ఉద్దేశం. జనవరి రాత్రి బయట సున్నా ఫారెన్‌హీట్ (సుమారు మైనస్ 18 సెల్సియస్) ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. పదింటికి నాలుగు పేళ్ళు పెట్టి పడుకుంటే, పొద్దున ఆరింటికి నివురు కింద ఎర్రటి బొగ్గులు ఉంటాయి. నాలుగు చితుకులు వేస్తే చాలు, అగ్గిపుల్లతో పని లేదు. పైన్ అలా కాదు. గబగబా మండి రెండు మూడు గంటల్లో బూడిదవుతుంది, బొగ్గు మిగలదు. అందుకే నేను రెండూ వాడతాను. అక్టోబరు, ఏప్రిల్ సాయంత్రాల్లో చలి విరిగేంత మంట చాలు, అప్పుడు పైన్. పొయ్యి రాజేయడానికీ పైనే. చలి ముదిరాక రాత్రిళ్ళకు ఓక్. పైన్ వేసేటప్పుడు మాత్రం స్టవ్ నిండా కుక్కొద్దు, కొంచెం కొంచెంగా వేయండి. భయమేసి గాలి పూర్తిగా మూసేస్తే పొగే మిగులుతుంది.

ఒక సంగతి చెప్పాలి. హార్డ్‌వుడ్, సాఫ్ట్‌వుడ్ అనే పేర్లు గట్టిదనాన్ని బట్టి పెట్టినవి కావు, చెట్టు జాతిని బట్టి పెట్టినవి: పూలు పూసే చెట్లది హార్డ్‌వుడ్, పైన్‌లాంటి శంకువులు కాసే చెట్లది సాఫ్ట్‌వుడ్. ఇక్కడి ఆస్పెన్ చెట్టుది హార్డ్‌వుడ్డే, కానీ కార్డ్ వేడిలో సాఫ్ట్‌వుడ్ అయిన డగ్లస్ ఫర్ కన్నా తక్కువ. మన సముద్రతీరంలో సూదుల్లాంటి రెమ్మలతో పైన్‌లా కనిపించే సర్వి కూడా లెక్క ప్రకారం హార్డ్‌వుడ్డే, బరువైన కట్టె. అమ్మకు ఇది చెబితే, "పేరేదైతే ఏం, మండాలి గానీ" అంది.

ఇక మీ పైన్ సంగతి. ఇప్పుడు ఏప్రిల్ కాబట్టి ఈ నెలలోనే దుంగలు కోయించి చీల్చేయండి, దుంగలుగా ఉంచితే లాభం లేదు. చెక్క ప్యాలెట్ల మీద, ఎండా గాలీ తగిలే చోట ఒకే వరుసగా పేర్చండి. పైన మాత్రమే రేకో టార్పాలినో కప్పండి. నేను మొదట పెళ్ళికూతురికి ముసుగేసినట్టు చుట్టూ కప్పేశాను, లోపల బూజు పట్టింది. ఇలా పెడితే నవంబరుకల్లా పైన్ మంటకు సిద్ధమవుతుంది. ఓక్ అలా కాదు, చీల్చాక రెండు వేసవులు కావాలి. కాబట్టి ఓక్ కొంటే ఇప్పుడే కొని ఆపై ఏడాదికి పెట్టుకోండి. ఈలోగా యాష్ అనే చెట్టు కట్టె దొరికితే వదలొద్దు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు వల్ల ఇక్కడ యాష్ చెట్లు చచ్చిపోతున్నాయి. ఆ కట్టెలో పచ్చిగా ఉన్నప్పుడే నీరు తక్కువ, ఏడాదిలో ఆరుతుంది. ఆ పురుగు కట్టెలతో పాటే ఊళ్ళు దాటుతుంది కాబట్టి దూరం నుంచి మాత్రం తెచ్చుకోవద్దు.

మొదటి మంట వేసేలోపే చిమ్నీ చూపించండి, ఆ తర్వాత ఏడాదికోసారి తప్పనిసరి. స్టవ్ వెనక లేబుల్ చూడండి. అమెరికాలో కట్టెల స్టవ్‌లకు పొగ నిబంధనలు వచ్చింది 1988లో. అంతకుముందుదైతే మార్చేయమనే నా సలహా. స్టవ్ ఉందని ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్ (వాసన తెలియని విషవాయువు) అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా కాల్చొద్దు. బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్లోకి తీసి, ఇంటికి దూరంగా బయట పెట్టండి. నివురుగప్పిన నిప్పు అని మనం మాటవరసకు అంటాం గానీ, ఆ బకెట్లో అది రోజుల తరబడి బతికే ఉంటుంది.

మాయిశ్చర్ మీటర్ 30 డాలర్ల లోపే దొరుకుతుంది. అక్టోబరులో కుప్ప మధ్యలోంచి ఒక పైన్ పేడు తీసి, చీల్చి, లోపలి ముఖం మీద గుచ్చి చూడండి. 20 లోపు చూపిస్తే పక్కింటాయన్ని టీకి పిలిచి ఆయన ముందే వెలిగించండి.