చుక్కల మందు మొదలుపెట్టే ముందు

బిడ్డా,

అలర్జీకి నాలుక కింద వేసుకునే చుక్కల మందు మొదలుపెడుతున్నవని మీ అమ్మ చెప్పింది. మంచి పని. చిన్నప్పటి నుంచి అరచేతితోని ముక్కు పైకి రుద్ది రుద్ది ముక్కు మీద అడ్డగీత పడ్డ పిల్లవు నువ్వు. ఇన్నేండ్లు సెట్రిజిన్ గోలీల మీద నెట్టుకొచ్చి, ఇప్పుడు నీ అంతట నువ్వే మూడేండ్ల మందుకు సిద్ధమైనవంటే నాకు గర్వంగనే ఉంది. గని దమ్ముకు (ఆస్తమాకు) నువ్వు పీల్చే పంపు, అదే ఇన్‌హేలర్, గురించి "చుక్కలు మొదలైతే పంపు పక్కకు పెట్టొచ్చు" అన్నవట. ఆ ఒక్క మాటకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్న.

చుక్కలు ఇయ్యాల్టి దమ్మును ఆపవు. రోజూ పీల్చే పంపు ఊపిరి గొట్టాల వాపును అణిచి ఉంచుతది. నీలం పంపు ఆయాసం వచ్చిన గడియల దారి తెరుస్తది. చుక్కలు చేసేది వేరే. నీ ఒంటికి పడని దాన్నే కొద్దికొద్దిగ చూపించి, నెలల మీద అలవాటు చేస్తయి. అంటే రోజూ నువ్వు నోట్లె వేసుకునేది నీకు పడనిదే. గొట్టాలు అప్పటికే వాచి, పిల్లికూతలు వినబడుతున్న రోజు అది వేసుకుంటే ఏమైతదో నువ్వే ఆలోచించు. ఈ మందుతోని పెద్ద ప్రమాదం అరుదు, గని దమ్ము అదుపుల లేనోళ్లకే ఆ భయం ఎక్కువ. అందుకే ముందుగాల గొట్టంల ఊదే పరీక్ష, స్పైరోమెట్రీ, చేయించుకో. ఎఫ్‌ఈవీ1, అంటే గట్టిగ ఊదితే మొదటి సెకండుల బయటికొచ్చే గాలి, నీకు ఉండాల్సిన దాంట్ల 70 శాతం కన్న తక్కువుంటే మొదలుపెట్టొద్దు; ముందు పంపుతోని దాన్ని పైకి తేవాలె. నెలలు గడిచి దమ్ము నెమ్మదించినంక పంపు తగ్గించేది డాక్టరు, నువ్వు కాదు. మృగశిరకు చేప మందు మింగినం కదా అని పంపు మానేటోళ్లు మన దిక్కు ఉన్నరు. చదువుకున్నదానివి, వాళ్లల్ల కలువకు.

బీపీకో, మైగ్రేన్ తలనొప్పికో బీటా బ్లాకర్ గోలీ ఏదన్న వాడుతుంటే డాక్టరుకు చెప్పు. చుక్కలు వికటించి అవసరం పడ్డప్పుడు ప్రాణం కాపాడే అడ్రినలిన్ సూది పనిచేయకుండ ఆ గోలీ అడ్డం పడుతది. రెండో కాన్పు అనుకుంటున్నరని సుత విన్న. తొందరల్నే అనుకుంటే చుక్కలు ఇప్పుడు మొదలుపెట్టకు, కాన్పు అయినంక చూసుకో. మోతాదు స్థిరపడి, ఒంటికి పడుతున్నప్పుడు కడుపు నిలిస్తే చాలాసార్లు అదే మోతాదు కొనసాగిస్తరు, పెంచరు. ఏదైనా డాక్టరు తోని ముందే మాట్లాడుకో, దాచిపెట్టకు.

ఇగ నీకు ఏది పడదో తేల్చే పరీక్ష. ముంజేతి మీద ఒక్కో అలర్జీ సారం చుక్క పెట్టి సన్నగ గుచ్చుతరు, 15 నుంచి 20 నిమిషాలకు దద్దురు కొలుస్తరు. పోలికకు పెట్టే నీళ్ల చుక్క కన్న కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితేనే లెక్క. దానికి వారం ముందు సెట్రిజిన్ బంద్ చెయ్యాలె. సర్దికి మెడికల్ షాపుల కొనే గోలీల, దగ్గు సిరప్‌లల్ల సుత అసొంటి మందే ఉంటది, అవి సుత వద్దు. ముక్కుల కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే మానే పని లేదు. ఎవరికైనా ఉబ్బాల్సిన హిస్టమిన్ చుక్క ఏది అని అడిగి నీ కండ్లతోని చూడు. అది ఉబ్బకపోతే ఆనాటి పరీక్ష చెల్లదు, తక్కినవన్ని "లేదు" అని రాసినా నమ్మకు. గోలీ ఆపలేని స్థితి ఉంటే రక్తంల స్పెసిఫిక్ ఐజీఈ, అంటే ఫలానా పడనిదాని మీదికే ఒంట్ల తయారయ్యే అలర్జీ ప్రోటీన్, చూపించుకోవచ్చు. ఉత్త టోటల్ ఐజీఈ అంకె చూసి చుక్కలు రాసేటోళ్ల దగ్గర ఆగకు. కడుపుల నులిపురుగులున్నా ఆ అంకె పెరుగుతది.

కాగితం మీద పదిహేను పేర్లకు ప్లస్ గుర్తు పడొచ్చు. గుర్తు పడ్డదల్ల జబ్బు కాదు, నీ బాధ ఎప్పుడు ఎక్కడ వస్తదో దానితోని సరిపోవాలె. ఏడాదంతా పొద్దుగాల తుమ్ములు, చెద్దరు దులిపితే ఎక్కువైతయంటే పరుపుల ఉండే దుమ్ము పురుగు, డస్ట్ మైట్. వానలు పడి చెల్కల గట్ల మీద వయ్యారిభామ పూసినప్పుడే కండ్లు దురద పెడితే దాని పుప్పొడి. ఎనుమాముల యార్డు పక్కకెల్లి పోతే వచ్చే తుమ్ములు మాత్రం మిర్చి ఘాటు. అది ఎవరి ముక్కునైనా మండిస్తది, దానికి చుక్కలు లేవు. అగర్బత్తి పొగ, ఫినాయిల్ వాసన, కరీంనగర్ దిక్కు గ్రానైట్ పొడి సుత అంతే. వాటికి మూతికి గుడ్డ కట్టుకునుడే మందు.

సీసాల ఏమేం కలుపుతున్నరో పేరు పేరున అడుగు. నిజంగ బాధ పెట్టేవి ఒకటో రెండో, అవే ఉండాలె. ఎనిమిది కలిపితే ఒక్కొక్కటి పలచబడి ఏదీ పనిచేయదు. బూజు, బొద్దింక సారాలల్ల ఉండే ఎంజైములు పుప్పొడి ప్రోటీన్లను తినేస్తయి, అందుకే వాటిని ఒకే సీసాల కలుపొద్దు. దుమ్ము పురుగుకు, గడ్డి పుప్పొడికి ఈ పద్ధతి పనిచేస్తదనే రుజువు గట్టిగ ఉంది. బూజుకు, బొద్దింకకు అంత లేదు. అమెరికాల 2014 నుంచి నాలుక కింద పెట్టే గోలీలకు అనుమతి ఉంది గని చుక్కలకు లేదు. చుక్కల బలం తయారుచేసేటోళ్లను బట్టి మారుతది. సీసా మీద బలం, గడువు తేదీ, కంపెనీ పేరు లేకపోతే తీసుకోకు. పుప్పొడికైతే అది పూసే కాలానికి రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టాలె. దుమ్ము పురుగుకు ఎప్పుడైనా ఒకటే.

వేసుకునుడు కష్టమేం కాదు. మొదటి చుక్క డాక్టరు దగ్గర్నే, తర్వాత 30 నిమిషాలు అక్కడే కూసో. ఇంట్ల పరిగడుపున అద్దం ముందు నాలుక లేపి, లెక్కపెట్టి వేసుకో. రెండు నిమిషాలు మాట్లాడకుండ ఉంచి మింగు. పావుగంట దాక చాయ్, నీళ్లు వద్దు. ఒక చుక్క నుంచి మొదలై ఎట్ల పెంచాల్నో కంపెనీ కంపెనీకి తేడా ఉంటది, నీ సీసాతోని వచ్చిన చార్టే నీకు లెక్క. పక్కింటామె చార్టు కాదు. వేసుకున్నంక రెండు గంటలు ఉరుకుడు, బరువు పనులు వద్దు. బస్సుకు ఉరికే ముందు, రాత్రి పండుకునే ముందు అసలే వద్దు. ఇంట్ల ఎవరన్న ఉన్నప్పుడు వేసుకో.

మొదటి వారాలల్ల నాలుక కింద దురద, చెవుల జిల, జర వాపు రావొచ్చు. చాలామందికి వాటంతట అవే తగ్గుతయి. గంట ముందు లెవోసెట్రిజిన్ వేసుకొమ్మని డాక్టరు చెప్పొచ్చు. గొంతు బిగుసుకపోవుడు, మాట మారుడు, ఒళ్లంత దద్దుర్లు, వరుసగ వాంతులు, పిల్లికూతలు, కండ్లు తిరుగుడు — వీటిల్ల ఏది వచ్చినా 108కు ఫోన్ చెయ్యి. ఊర్ల ఎవరి దగ్గరికో పోయి అవిల్, డెక్సోనా సూదులు వేయించుకుని తగ్గుతదేమో చూద్దామని కూసోకు. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్, పెద్దోళ్లకు 0.5 మిల్లీగ్రాములు, తొడ కండకు. అది మొదలు పడ్డంకనే మిగతావి. కండ్లు తిరిగితే కాళ్లు ఎత్తు మీద పెట్టి పండుకో, ఊపిరాడకపోతే కూసో. నిలబడి నడువకు. ఈ వాక్యాలు కాయితం మీద రాసి ఫ్రిజ్జుకు అంటిచ్చి, మీ ఆయనకు చదివి వినిపియ్యి.

నోట్లె పుండు, జ్వరం, వాంతులు విరేచనాలు, దమ్ము ఎక్కువైన రోజు చుక్కలు బంద్. పన్ను తీయించుకుంటే చిగురు మానేదాక, వారం రోజులు. బువ్వ గొంతుల అడ్డంపడ్డట్టు రోజూ అనిపిస్తే ఆపి డాక్టరుకు చెప్పాలె.

సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్యల ఉండాలె. ఫ్రిజ్జు నడిమి అరల పెట్టు, తలుపుల కాదు. ఫ్రీజరు గోడకు ఆనిచ్చి గడ్డకట్టిస్తే అది ఇగ మందు కాదు. కరెంటు పోతే తలుపు తెరువకు, కొన్ని గంటలకు ఏం కాదు. మన ఎండకాలం 44 డిగ్రీలల్ల బ్యాగుల వేసుకుని తిరుగకు. ఊరికి పోతే ఐస్ ప్యాకును బట్టల చుట్టి, ఫ్లాస్కుల పక్కన పెట్టు.

ఇప్పుడు అసలు తప్పు. మీ బాపు చేసిందే, వందల మంది చేసేదే. ఆయన అలర్జీ సూదుల కోర్సు ఏడాదిన్నరకు ఆపిండు. ఎందుకు? మంచిగైందని. సూదులైనా చుక్కలైనా మూడు నుంచి ఆరు నెలలల్ల తుమ్ములు తగ్గుతయి, గోలీలు తగ్గుతయి, రాత్రి నిద్ర పడుతది. అప్పుడే మనిషికి సీసా ఖర్చు కండ్లకు కనబడుతది. "తగ్గింది కదా, ఇంకెందుకు" అంటడు. తగ్గింది బాధ, మారాల్సిన స్వభావం ఇంకా మారలే. ఒంట్ల అలర్జీకి ఎదురుపనిచేసే ఐజీజీ4 పెరుగుడు, రియాక్షన్‌ను అణిచే కణాలు నిలదొక్కుకునుడు నెలల పని కాదు. నాటు వేరు పట్టకముందే మడికి నీళ్లు బంద్ చేసినట్టయితది. గడ్డి పుప్పొడి మీద రెండేండ్ల మందు ఇచ్చి ఆపి చూసిన పరిశోధన 2017ల వచ్చింది: మూడో ఏడు తిరిగేసరికి మందు వాడనోళ్లకు, వాడినోళ్లకు పెద్ద తేడా మిగలలే. అందుకే కనీసం మూడేండ్లు అనేది, కొందరికి ఐదు.

తప్పు అక్కడితోని అయిపోదు. ఆపిన ఏడాదికి బాధ తిరిగొస్తది. ఫ్రిజ్జుల పాత సీసా ఉంటది, పెద్ద బలం సీసా, చివరి మోతాదు యాదికుంటది. డాక్టరు దగ్గరికి పోతే తిడుతడని దాన్నే తీసి పది చుక్కలు ఒక్కసారి వేసుకుంటరు. ఒళ్లు అలవాటు మర్చిపోయింది, మోతాదు మాత్రం శిఖరం మీద ఉంది. ఆడ దెబ్బ తగులుతది. ఒకటి రెండు రోజులు మరిచిపోతే తెల్లారి మామూలు మోతాదే వేసుకో, రెండు రోజులది కలిపి వేసుకోకు. వారం దాటితే ఫోన్ చేసి అడుగు. నెల దాటితే తక్కువ బలం నుంచి మళ్లీ ఎక్కుడే, ఆ సీసా తేదీ సుత చూసుకో. మేడారం జాతరకు పోయినమని, పెండ్లికి పోయినమని వచ్చే గండ్లే పెద్దగైతయి. మీ బాపును నేను ఎంత తిట్టినా వినలే, నువ్వు విను.

ఏడాది మంచిగ వాడినా ఏ తేడా లేకపోతే అప్పుడు మాత్రం ఆపాలె, పట్టుదలకు పోయి పైసలు పెట్టకు. తేడా తెలువాలంటే ఇప్పటి నుంచే క్యాలెండర్ల రాయి: తుమ్ములు, గోలీలు, నీలం పంపు ఎన్నిసార్లు. మనసు చెప్పేది నమ్మొద్దు, ఆ అంకెలు నమ్ము.

పరుపుకు మైట్ కవరు తొడుగు. దుప్పట్లు, మెత్త గలీబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడి నీళ్లల్ల నానబెట్టి ఉతుకు. పొడి చీపురు మాని తడిబట్టతోని తుడువు. వయ్యారిభామను నువ్వు పీకబోకు, పూయకముందే వేరేటోళ్లతోని పీకించు.

ఇంకొక్క భయం. నీ పిల్లగాడు సుత తుమ్ముతున్నడని మీ అమ్మ అన్నది. వాడికింకా నాలుగేండ్లే. నీ సీసాల నుంచి ఒక్క చుక్క సుత వాడి నోట్లె పడొద్దు. ఐదేండ్ల లోపు పిల్లలకు సాధారణంగ మొదలుపెట్టరు, మొదలుపెట్టినా వాడి పరీక్ష వేరు, వాడి సీసా వేరు. ఫ్రిజ్జుల వాడి చెయ్యి అందని అరల పెట్టు. పరీక్ష కాయితం, సీసా మీది పేర్లు ఫొటో తీసి పంపు; పైసలు కట్టే ముందే పంపు.

పైలం బిడ్డా.

మీ పెద్దమ్మ