పాయింట్లు తక్కువే కదా, సూ బర్డ్‌ను అంత గొప్ప గార్డ్ అని ఎందుకంటారు?

మీరు అడిగింది ఇది: అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి సూ బర్డ్ కెరీర్ సగటు మ్యాచ్‌కి 11.7 పాయింట్లే, ఒక్కసారి కూడా ఎంవీపీ (ఏడాదిలో అత్యంత విలువైన ప్లేయర్‌కిచ్చే అవార్డు) రాలేదు. మరి ఆమెను ఆల్ టైమ్ గొప్ప గార్డ్‌లలో ఒకరని ఎందుకంటారు, 41 ఏళ్ల వరకు ఎలా ఆడగలిగింది? పదమూడేళ్ల మీ అమ్మాయి పాయింట్ గార్డ్‌గా, అంటే బంతిని నడిపిస్తూ తోటివాళ్లకి అందించే స్థానంలో, ఆడుతోందనీ, స్కోరు షీట్‌లో తన పేరు పక్కన నాలుగో, ఆరో పాయింట్లు చూసుకుని ఇంటికొచ్చి ఏడుస్తోందనీ కూడా రాశారు. ఆ చివరి మాట చదివాకే జవాబు రాయడానికి కూర్చున్నాను.

నా సంగతి ముందు చెప్పాలి. గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. సిమెంటు కోర్టు, వల లేని రింగు. అయిదడుగుల రెండంగుళాల దాన్ని కాబట్టి మా పీఈటీ మాస్టారు బంతి నా చేతికిచ్చి, "నువ్వు వేయక్కర్లేదమ్మా, వేసేవాళ్లకి అందించు చాలు" అన్నారు. అలా గార్డ్‌నయ్యాను. కాలేజీలో రెండో ఏడాది, ఒక మ్యాచ్‌లో ఎగిరి దిగేటప్పుడు ఎడమ మోకాలు మెలిపడింది. టప్‌మన్న ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. లిగమెంట్ తెగిందని చెప్పిన డాక్టరుగారు, "ఆడపిల్లవి, ఇంక ఆటలెందుకు, బాగా నడవగలిగితే చాలు" అన్నారు. ఇంట్లో అందరూ తలూపారు. నేనూ ఊపాను. 2007లో పెళ్లయి సియాటెల్ పక్కన బెల్లెవ్యూకి వచ్చేసరికి బంతి ముట్టుకుని ఆరేళ్లు దాటింది.

మరుసటి ఏడాది, 2008లో, సియాటెల్ పురుషుల జట్టు సూపర్‌సోనిక్స్ ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయింది. ఊళ్లో మిగిలిన ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు ఆడవాళ్ల జట్టు స్టార్మ్ ఒక్కటే. అదైనా నలుగురు స్థానిక మహిళలు కలిసి కోటి డాలర్లు పెట్టి కొనుక్కోబట్టి నిలిచింది. ఆ వేసవిలో మా ఆఫీసులో ఒకావిడ తన దగ్గర ఒక టికెట్ ఎక్కువుంది, వస్తావా అంటే కీ అరీనాకి వెళ్లాను. సూ బర్డ్‌ను చూడటం అదే మొదటిసారి. మొదటి క్వార్టర్ అయ్యేసరికి నేను బంతిని చూడటం మానేసి ఆమె తలనే చూస్తున్నానని గమనించాను. బంతి చేతికి రాకముందే ఆమె తల ఒకసారి ఎడమకీ, ఒకసారి కుడికీ తిరుగుతుంది. బంతి వచ్చాక ఇంక వెతకాల్సిన పని ఉండదు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. పిక్ అండ్ రోల్ అంటే మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. జట్టులో పొడుగాటి అమ్మాయి వచ్చి గార్డ్‌ని కాపలా కాస్తున్న డిఫెండర్‌కి అడ్డంగా నిలబడుతుంది. గార్డ్ ఆ పక్కనుంచి దాటుతుంది. మామూలు గార్డ్‌లు దాటగానే రింగు వైపు పరుగు తీస్తారు. బర్డ్ అక్కడ నెమ్మదించేది. వెనకబడ్డ డిఫెండర్‌ని తన వీపు వెనకే ఉంచుకుని, ముందుకి రానివ్వకుండా, రెండు చిన్న డ్రిబుల్స్ వేసేది. ఇప్పుడు ఎదుట ఉన్న పొడుగాటి డిఫెండర్‌కి చిక్కు: బర్డ్ మీదికి రావాలా, అడ్డంగా నిలబడి ఇప్పుడు రింగు వైపు దూసుకెళ్తున్న అమ్మాయిని పట్టుకోవాలా? బర్డ్ మూలన ఉన్న షూటర్ వైపు చూసేది. ఆ చూపుకి డిఫెండర్ అరడుగు అటు కదిలేది. ఆ అరడుగు సందులోంచి, ఆ చూపుతో సంబంధమే లేకుండా, నేల మీద ఒక్కసారి కొట్టుకుని బంతి లోపలి అమ్మాయి చేతుల్లోకి వెళ్లేది. స్కోరు షీట్‌లో రెండు పాయింట్లు ఆ అమ్మాయి పేరు మీద పడతాయి. బర్డ్ పేరు పక్కన ఒక అసిస్ట్, అంటే షాట్ పడేలా ఇచ్చిన పాస్. డిఫెండర్‌ని అరడుగు జరిపిన ఆ చూపుకి మాత్రం ఏ గడిలోనూ చోటు లేదు.

అలాంటి అసిస్ట్‌లు ఆమె కెరీర్‌లో 3,234. రిటైరయ్యే నాటికి అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో అదే రికార్డు, 580 మ్యాచ్‌లు ఆడటమూ రికార్డే. 2002 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ప్లేయర్లని జట్లు వరసగా ఎంచుకునేచోట, మొదటి ఎంపికగా స్టార్మ్‌కి వచ్చింది, 2022లో స్టార్మ్‌లోనే ఆపేసింది. ఆ మధ్యలో 2004, 2010, 2018, 2020ల్లో నాలుగు టైటిళ్లు. ఏథెన్స్ నుంచి టోక్యో దాకా వరసగా అయిదు ఒలింపిక్ స్వర్ణాలు. ఎంవీపీ రాలేదన్నారు కదా, నిజమే. కానీ ఆమె బంతి అందించిన లారెన్ జాక్సన్ మూడుసార్లు, బ్రియానా స్టూవర్ట్ 2018లో, స్టార్మ్ జెర్సీలోనే ఎంవీపీలయ్యారు. అంత మంచి ఆటగాళ్లు పక్కన ఉండటం ఆమె అదృష్టం అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. అయితే ఆ ఇద్దరూ వేర్వేరు తరాల వాళ్లు, ఆడే తీరూ వేరు. జాక్సన్ తరం వెళ్లిపోయింది, స్టూవర్ట్ తరం వచ్చింది, పాస్ ఇచ్చే చెయ్యి మాత్రం మారలేదు. నా మటుకు నాకు ఆమె గొప్పతనానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

లోపాలు లేవని కాదు. పరుగులో, ఒకరితో ఒకరు తలపడే డిఫెన్స్‌లో ఆమెకన్నా చురుకైన గార్డ్‌లు ఎప్పుడూ ఉన్నారు. మీద పడి ఫౌల్ రాబట్టి ఫ్రీ త్రోలు వేసే రకమూ కాదు. పాయింట్ల సగటు మొదటి ఏడాది 14.4, అత్యుత్తమం 2011లో 14.7. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ 15 దాటలేదు, దాటడానికి తాపత్రయపడలేదు కూడా. అలాగని అవసరం వచ్చినప్పుడు వేయలేక కాదు. 2010 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో అట్లాంటా మీద స్కోరు సమంగా ఉండగా, ఇంకా 2.6 సెకన్లుందనగా గెలుపు షాట్ వేసింది తనే.

ఇక వయసు సంగతి. ఆమెకి మోకాలు పోయింది మొదట్లోనే. 1998లో కనెక్టికట్ యూనివర్సిటీలో చేరిన మొదటి సీజన్‌లో, ఎనిమిది మ్యాచ్‌లు ఆడగానే మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. నాకు తెగినదీ అదే లిగమెంట్. ఈ సంగతి నాకు 2008లో, ఆ మొదటి మ్యాచ్ చూసొచ్చిన రాత్రి, ఆమె గురించి చదువుతుంటే తెలిసింది. చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆమె కోలుకుని 2000లోనూ, జట్టు 39 మ్యాచ్‌లూ గెలిచిన 2002లోనూ కాలేజీ ఛాంపియన్ అయింది. ఆ తర్వాత కూడా మోకాలు వదల్లేదు. సర్జరీల వల్ల 2013, 2019 సీజన్లు పూర్తిగా పోయాయి. దానికి తోడు ఏళ్ల తరబడి విశ్రాంతే లేదు. డబ్ల్యూఎన్‌బీఏ వేసవిలో జరుగుతుంది, ఆ రోజుల్లో అక్కడి జీతాలు తక్కువ. అందుకని పెద్ద ఆటగాళ్లంతా చలికాలం విదేశాలకి వెళ్లేవారు. బర్డ్ పది సీజన్ల దాకా రష్యాలో ఆడింది. మాస్కో, యెకాటరిన్‌బర్గ్ క్లబ్బులతో యూరప్ క్లబ్బుల పోటీ యూరోలీగ్‌లో అయిదు టైటిళ్లు గెలిచింది. అంటే ఏడాదికి రెండు సీజన్లు, మధ్యలో జాతీయ జట్టు.

2014 తర్వాత ఆమె విదేశాలకి వెళ్లడం మానేసింది. తిండి, నిద్ర, వ్యాయామం అన్నీ ఒక ట్రైనర్ సాయంతో పూర్తిగా మార్చుకుంది. ఫలితం చూడండి: అసిస్ట్‌లలో ఆమె కెరీర్ మొత్తానికి అత్యుత్తమ సగటు 7.1. అది వచ్చింది పాతికేళ్ల వయసులో కాదు, 2018లో, 37 ఏళ్లకి. కాళ్లలో వేగం తగ్గిన కొద్దీ ఆమె ఆట ఇంకా ముందుచూపు మీద నడిచింది. కరోనా ఏడాది 2020లో ఫ్లోరిడాలో ప్రేక్షకులు లేకుండా జరిగిన ఫైనల్స్‌లో, మొదటి మ్యాచ్‌లోనే 16 అసిస్ట్‌లు ఇచ్చింది. ఫైనల్స్‌లో అంతకుముందు ఎవరూ అన్ని ఇవ్వలేదు. అప్పటికి ఆమెకి నలభై నిండటానికి రెండు వారాలుంది.

నేను కళ్లారా చూసినవాటిలో మరిచిపోలేనిది 2018 సెమీఫైనల్ అయిదో మ్యాచ్, ఫీనిక్స్ మీద. ఓడిన జట్టు ఇంటికే. అంతకుముందు మ్యాచ్‌లో బర్డ్‌కి ముక్కు పగిలింది. పారదర్శకమైన ప్లాస్టిక్ మాస్క్ పెట్టుకుని వచ్చింది. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు, నా పక్కనే కుర్చీ మీద నిలబడి చూస్తోంది. నాలుగో క్వార్టర్‌లో స్టార్మ్ వెనకబడింది. మూడు క్వార్టర్లు అందరికీ బంతి పంచిన మనిషి, అప్పుడు తనే వేయడం మొదలుపెట్టింది. ఒక త్రీ (మూడు పాయింట్ల షాట్), ఇంకో త్రీ. కీ అరీనా కప్పు లేచిపోతుందేమో అన్నంత అరుపులు. ఆమె మాత్రం షాట్ పడగానే వెనక్కి తిరిగి డిఫెన్స్‌కి పరిగెడుతూ, వేలితో తన జట్టు అమ్మాయికి ఎక్కడ నిలబడాలో చూపిస్తోంది. ఆ క్వార్టర్‌లో 14 పాయింట్లు, మొత్తం 22. స్టార్మ్ 94-84తో గెలిచింది, ఆ తర్వాత ఫైనల్లో వాషింగ్టన్‌ని మూడుకి మూడూ ఓడించింది. ఇంటికెళ్తూ కారులో మా అమ్మాయి అడిగింది: "అమ్మా, అలా వేయడం వచ్చినప్పుడు రోజూ ఎందుకు వేయదు?" అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడైతే, వేరేవాళ్లు బాగా వేస్తున్నప్పుడు తను వేస్తే జట్టుకి నష్టం కాబట్టి అని చెప్తాను.

చివరి సీజన్ గురించి ఒక మాట. 2022లో ఆమె వెటరన్‌లకి ఇచ్చే కనీస జీతానికి, 72,141 డాలర్లకి, సంతకం చేసింది. జట్టు జీతాలకి మొత్తం మీద ఒక పరిమితి ఉంటుంది. తను తక్కువ తీసుకుంటే ఇంకొకరిని తెచ్చుకోవడానికి వీలవుతుంది. ఇదీ నాకు పాస్ లాగానే కనిపించింది. కీ అరీనాని దాదాపు కొత్తగా కట్టి క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా అని పేరు మార్చారు. ఆగస్టు 7న అక్కడ ఆమె సొంతగడ్డ మీద ఆఖరి లీగ్ మ్యాచ్‌కి 18,100 మంది వచ్చాం. మా వరసలోనే సమ్మామిష్ నుంచి వచ్చిన రెండు తెలుగు కుటుంబాలు, ఆడపిల్లలందరికీ పదో నంబరు జెర్సీలు. స్టార్మ్ ఆ రోజు లాస్ వెగాస్ చేతిలో ఓడింది. నెల తిరిగేసరికి అదే జట్టు సెమీస్‌లో ఓడించడంతో ఆమె కెరీర్ ముగిసింది. ఆఖరి మ్యాచ్‌లో 8 పాయింట్లు, 8 అసిస్ట్‌లు. మ్యాచ్ అయ్యాక జనం కదల్లేదు, "థాంక్యూ సూ" అంటూనే ఉన్నారు. ఆమె కన్నీళ్లతో కోర్టు మీద నిలబడింది. నేనూ ఏడ్చాను. ఇప్పుడు ఆ అరీనా బయట ఆమె విగ్రహం ఉంది, లేఅప్ (రింగు దగ్గరికి వెళ్లి వేసే షాట్) వేస్తున్న భంగిమలో.

నా మోకాలికి ముప్ఫై దాటాక ఇక్కడ ఆపరేషన్ చేయించుకున్నాను. ఆరేడేళ్లుగా ఆదివారాలు పొద్దున్నే కమ్యూనిటీ సెంటర్‌లో ఇంకో తొమ్మిదిమంది అమ్మలతో ఆడుతున్నాను. పరుగు లేదు, ఎగరడం లేదు, పాస్ మాత్రం ఉంది.

మీ అమ్మాయికి చేయగలిగింది ఒకటి చెప్తాను, మా ఇంట్లో పనిచేసింది కాబట్టి. తన తర్వాతి మ్యాచ్‌కి మీరు ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి. తను వేసిన పాయింట్లు రాయకండి. తన పాస్ అందుకుని ఎవరు వేశారో రాయండి, పడకపోయినా సరే, మంచి షాట్ దొరికితే రాయండి. తన పాస్ అందుకున్న అమ్మాయి ఇంకొకరికి ఇచ్చి వాళ్లు వేసినా రాయండి, అసిస్ట్ లెక్కలో అది రాదు కానీ మొదలైంది తన దగ్గరే. ఇంటికొచ్చాక ఆ కాగితం తనకివ్వండి. మా అమ్మాయి మొదటి కాగితంలో తను వేసినవి 4 పాయింట్లు, తన చేతి నుంచి మొదలైనవి 19. ఆ కాగితం తన అల్మరా తలుపు లోపల అంటించుకుంది, ఇప్పటికీ తీయలేదు.

వీలైతే ఆ 2018 అయిదో మ్యాచ్ వీడియో ఇద్దరూ కలిసి చూడండి. ముందు మూడు క్వార్టర్లు బంతి మీద కాకుండా బర్డ్ మీదే కన్నుంచమనండి, ముఖ్యంగా బంతి ఆమె దగ్గర లేనప్పుడు. తనకేం కనిపించిందో ఇక్కడ రాస్తే నాకూ చదవాలనుంది.