షుగర్ డబ్బా: మధ్యాహ్నానికి కొనండి, రాత్రికి వండండి

ప్రశ్న: మాది గాజువాక. మా వారికి 46 ఏళ్లు, ఆటోనగర్‌లో ఉద్యోగం. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.4 వచ్చింది. డాక్టరు మెట్‌ఫార్మిన్ రాసి, తిండి మార్చమన్నారు. మధ్యాహ్నం మెస్‌లో రూ.110 ఫుల్ మీల్స్ తింటారు, రాత్రి ఇంట్లోనే. మధురవాడలో ఒక కిచెన్ వాళ్లు ‘లో జీఐ’ (షుగర్‌ను నెమ్మదిగా పెంచే) భోజనం రెండు పూటలా పంపుతారట. పూటకు రూ.190, పన్ను అదనం, నెలకు 26 రోజులు. మూడు నెలలకు ఒకేసారి కడితే 15 శాతం తగ్గింపు. మా ఇద్దరి జీతాలు కలిపి రూ.82,000. ఇంటి ఈఎంఐ రూ.24,000, మ్యూచువల్ ఫండ్ సిప్ రూ.6,000, ఆదివారాల బయటి తిండి రూ.3,000 దాకా. సిప్ మూడు నెలలు ఆపి ఇందులో చేరదామా?

జవాబు: సిప్ ఆపొద్దండీ. మూడు నెలల ప్యాకేజీ కూడా వద్దు. మధ్యాహ్నం డబ్బా ఒక్కటే తీసుకోండి, నెలనెలా కట్టే పద్ధతిలో. అదీ ఓ వారం తిని, షుగర్ చూసుకున్నాకే.

ముందు లెక్క చూద్దాం. రూ.190కి 5 శాతం జీఎస్టీ కలిపితే రూ.199.50. రెండు పూటలకూ నెలకు 52 డబ్బాలు, అంటే రూ.10,374. అయితే మీకు అదనంగా పడేది ఇంత కాదు, డబ్బా వస్తే ఆగిపోయే ఖర్చును తీసేయాలి. మధ్యాహ్నం మెస్ ఖర్చు రూ.110 ఆగిపోతుంది, కాబట్టి పూటకు అదనం రూ.89.50, నెలకు రూ.2,327. రాత్రి సంగతి వేరు. ఇంట్లో మీ వారి వంతు సరుకు ఏ రూ.50 అనుకున్నా, పూటకు అదనం రూ.149.50, నెలకు రూ.3,887. పైగా మిగతావాళ్ల కోసం పొయ్యి ఎలాగూ వెలిగించాలి. అంటే ఎక్కువ డబ్బు పోయేది రాత్రి డబ్బాకి. షుగర్‌ను ఎగదోసేదేమో అడిగినంత అన్నం వడ్డించే మధ్యాహ్నం మెస్.

పన్ను గురించి ఒక మాట. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది. అది లేని కిచెన్‌కు జీఎస్టీ వసూలు చేసే హక్కు లేదు. మధ్యాహ్నం డబ్బా ఒక్కదాని మీదే నెలకు రూ.247 తేడా, అడగడానికి మొహమాటపడకండి. ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరూ అడిగి, వాళ్ల ఫోస్కోస్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. పేరు, చిరునామా కలవాలి.

ఇక 15 శాతం తగ్గింపు. మూడు నెలలకు 156 డబ్బాలు, పన్ను కాకుండా రూ.29,640. తగ్గింపు పోగా రూ.25,194. దీన్ని 190తో భాగిస్తే 132.6 వస్తుంది. అంటే 156లో 24 పూటలు తినకపోతే తగ్గింపు మొత్తం హరించుకుపోయినట్టే. నెలకు ఎనిమిది పూటలన్నమాట. పండక్కి ఊరెళ్లడం, పెళ్లిళ్లు, ఆఫీసులో పార్టీ, ఒంట్లో బాగోలేని రోజులు, డబ్బా మొహం మొత్తి పక్కన పెట్టేసిన రాత్రులు కలిపితే ఎనిమిది పెద్ద సంఖ్యేం కాదు. తినని పూటలను ముందుకు జరుపుకోనిస్తామంటే ఈ లెక్క మారుతుంది గానీ, ఆ షరతు నోటిమాటగా కాక రాతలో ఉండాలి. ముందు రోజు రాత్రి ఎన్నింటిలోగా చెప్పాలి, నెలకు ఎన్నిసార్లు, మిగిలిన డబ్బాల గడువెంత, మానేస్తే డబ్బు వెనక్కిస్తారా, ఎన్ని రోజుల్లో? ఈ ప్రశ్నలు వాట్సాప్‌లో అడిగి, జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ముందుగా పాతికవేలు కట్టడమంటే ఆ కిచెన్‌కు వడ్డీ లేని అప్పు ఇవ్వడమే. వాళ్లు షట్టర్ దించేస్తే మీరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాలి, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. అక్కడ రూ.5 లక్షల దాకా ఫిర్యాదు రుసుము లేదు. కానీ తిరగాల్సిన తిరుగుడు ఉంటుంది.

డబ్బాలో ఏముంటే రూ.190కి న్యాయం? జీఐ అంటే ఆ పదార్థం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె. గ్లూకోజ్‌ను 100గా తీసుకుంటే 55, అంతకన్నా తక్కువైతే లో, 70 నుంచి హై. అమ్మేవాళ్లంతా ఈ అంకె చుట్టూనే తిప్పుతారు. మీరు మాత్రం అన్నం బరువు అడగండి. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 28 గ్రాముల పిండిపదార్థం. మెస్‌లో మారు వడ్డనతో 400 గ్రాములు తిన్నారనుకోండి, 112 గ్రాములు. జీఐ 70 అనుకుంటే గ్లైసీమిక్ లోడ్, అంటే పిండిపదార్థం గ్రాములను జీఐతో గుణించి 100తో భాగిస్తే వచ్చే అంకె, 78. అదే బియ్యంతో 150 గ్రాముల అన్నానికి ఇది 29కి దిగుతుంది. బియ్యం కూడా మార్చి జీఐ 55 చేస్తే 23. చూశారా, 78 నుంచి 29కి దించింది కొలత, 29 నుంచి 23కి దించింది బియ్యం రకం. అసలు డబ్బులిచ్చేది మారు వడ్డన లేకపోవడానికే! ‘లో జీఐ కదా’ అని ఆ అన్నాన్నే 400 గ్రాములు తింటే లోడ్ 62 దగ్గర కూర్చుంటుంది.

బియ్యం రకం పేరు కూడా సరిగ్గా చెప్పించండి. ఉత్తి ‘సాంబ మసూరి’ అంటే బాపట్ల బీపీటీ 5204, ఇంట్లో వండుకునే సన్నబియ్యమే. జీఐ 51 దగ్గర ఉన్నట్టు తేలింది ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’కి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన రకం అది. తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 కూడా ఇంచుమించు అంతే. చిరుధాన్యమని రాస్తే చాలు లో జీఐ అయిపోదు. చోళ్లను మెత్తటి పిండి చేసి జావ కాస్తే షుగర్ ఇట్టే ఎగబాకుతుంది. మల్టీగ్రెయిన్ చపాతీలో మైదా ఎంత, గ్రేవీ చిక్కదనం కార్న్‌ఫ్లోర్‌తోనా, చివర్లో ఇచ్చే ‘బెల్లం స్వీట్’ ఎందుకు? ఇవన్నీ అడగాల్సినవే. బెల్లమూ చక్కెరే. డబ్బా అందగానే ఒకసారి వంటింటి తూకం మీద అన్నం పెట్టి చూడండి. మెనూలో 150 అని ఉండి 230 తూగితే మాట్లాడాల్సిందే. పప్పు, గుడ్డో చేపో, రెండు కప్పుల కూర ఉండాలి. తినేటప్పుడు కూర, పప్పు ముందు తిని అన్నం చివర్న తింటే షుగర్ పెరుగుదల ఇంకాస్త తగ్గుతుంది. సాంబారన్నంతో మొదలుపెట్టే అలవాటు మానడం కష్టమే, కానీ దీనికి పైసా ఖర్చు లేదు.

దూరం కూడా చూసుకోవాలి. మధురవాడ నుంచి గాజువాకకు హైవే మీద ఎన్‌ఏడీ జంక్షన్ దాటుకుని రావాలి. వేడి ఆహారం 60 డిగ్రీల పైన ఉంటేనే భద్రం. విశాఖ ఉక్కలో గోరువెచ్చని అన్నం, కొబ్బరి పచ్చడి రెండు మూడు గంటలు మూతపెట్టి ఉంటే వాసన కంటే ముందే పాడవుతాయి. వంట ఎన్నింటికి దిగుతుందో, డబ్బా ఎన్నింటికి చేరుతుందో, తిని చూసే ఆ వారంలోని ఆరు రోజులూ రాసుకోండి.

ఆ ఆరు రోజులు విడిగా, రోజువారీ ధరకే తెప్పించుకోండి. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటర్‌తో చూడాలి. 12 స్ట్రిప్పులు, ఒక్కోటి రూ.20 చొప్పున రూ.240. అంతకుముందు మెస్ తిండి మీద రెండు రోజులు చూస్తే పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. రెండు గంటల రీడింగ్‌కు మామూలుగా పెట్టుకునే లక్ష్యం 180 లోపు, మీ డాక్టరు వేరే అంకె చెబితే అదే. ప్రస్తుతం ఒక్క మెట్‌ఫార్మినే కాబట్టి తిండి తగ్గితే షుగర్ పడిపోయే భయం తక్కువ. గ్లిమిపిరైడ్ (షుగర్‌ను బాగా దించే మాత్ర) గానీ ఇన్సులిన్ గానీ కలిపితే మాత్రం డాక్టరుకు చెప్పకుండా అన్నం కోయకండి. కిడ్నీ రిపోర్టులో తేడా ఉంటే ‘హై ప్రోటీన్’ ప్లేటు అసలే వద్దు.

రాత్రికి మీ వంటిల్లు చాలు. 50–60 గ్రాముల బియ్యం ఉడికితే 150 గ్రాముల అన్నం అవుతుంది. లో జీఐ బియ్యం కిలోకు రూ.40 ఎక్కువైనా ఆ పూటకు తేడా రూ.2 నుంచి రూ.2.40. ఎంవీపీ కాలనీ రైతుబజారు మీకు దూరం గానీ, దగ్గర్లోని రైతుబజారులో ఆకుకూరలు, బీర, ఆనపకాయ, చిక్కుడు వారానికి సరిపడా తెచ్చుకుంటే చాలు.

నెలకు కావాల్సిన రూ.2,327 ఆదివారం తిండి పద్దులోంచి తీయండి. నాలుగు ఆదివారాల్లో ఒకటి ఉంచుకుని మిగతావి మానితే చాలావరకు సరిపోతుంది. యూపీఐ ఆటోపే పెట్టమంటే పెట్టండి, కానీ తేదీ ఈఎంఐ, సిప్ కట్ అయ్యాక ఉండాలి. డబ్బాకి ముందు కట్ అయి ఖాతాలో చాలకపోతే ఈఎంఐ బౌన్స్ అవుతుంది, జరిమానాతో పాటు క్రెడిట్ స్కోరూ దెబ్బతింటుంది. ఆటోపేను యాప్‌లోనే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, కిచెన్ అనుమతి అక్కర్లేదు. ఈ భోజనం బిల్లుకు ఆదాయ పన్నులో మినహాయింపు రాదు. పాత పన్ను పద్ధతిలో ఉంటే ముందస్తు ఆరోగ్య పరీక్షలకు కుటుంబం మొత్తానికి రూ.5,000 దాకా వస్తుంది, అది వాడుకోండి.

మీరు అడగలేదు గానీ, కంపెనీ ఇచ్చే పాలసీ తప్ప సొంత ఆరోగ్య బీమా లేకపోతే ఇప్పుడే తీసుకోండి. షుగర్ సంగతి దాచకుండా రాయాలి. ముందే ఉన్న జబ్బుకు వేచివుండే కాలం గరిష్ఠంగా 36 నెలలు, పాలసీ మొదలుపెట్టిన రోజు నుంచే లెక్క.

హెచ్‌బీఏ1సీ మళ్లీ మూడు నెలలకు చేయించండి, నెలకే చేయిస్తే పాత తిండి ప్రభావమే ఎక్కువ కనిపిస్తుంది. మధ్యాహ్నం రీడింగులు బాగుండి కూడా అది కదలకపోతే పొద్దున్న టిఫిన్ చూడండి. నాలుగు ఇడ్లీల బదులు రెండు పెసరట్లు పెట్టి అవే రెండు రీడింగులు తీయండి.